గిల్టు పిట్ట

డిసెంబర్ 4

ఈ డైరీ డెబోరాది. పోయిన జనవరిలో కంపెనీ వాళ్లు ఇచ్చారు. అట్ట మీద వాళ్ల గుర్తు కనబడకుండా పాత క్యాలెండర్ కాగితం అంటించాను. తను ఒక్క పేజీ కూడా రాయలేదు. అచ్చు వేసిన తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. రాసుకుంటే మనసు కుదుటపడుతుందని పాస్టరమ్మ చెప్పింది.

చెల్లి పోయి పదహారు రోజులు.

నవంబర్ పద్దెనిమిది మధ్యాహ్నం రెండు గంటలకు, గడ్డపోతారంలో వాళ్ల మందుల తయారీ ప్లాంటులో, మందుపొడి ఆరబెట్టే డ్రయ్యర్ గదిలో మంట లేచింది. డెబోరాది క్వాలిటీ డిపార్ట్‌మెంట్. శాంపిల్ తీయడానికి ఆ గదిలోకి వెళ్లింది. తనూ, ఆపరేటర్ నర్సన్నా పోయారు. నర్సన్నది మా ఊరు చిట్కులే. మా వీధి చివర ఇల్లు.

ఆ రోజు పొద్దున ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. టిఫిన్ డబ్బా చేతికిచ్చాను. కంపెనీ బస్సు వచ్చింది. ఎక్కింది.

డిసెంబర్ 6

స్కూలుకు ఇంకా వెళ్లడం లేదు. తొమ్మిదో తరగతికి సాంఘికం ఎవరు చెబుతున్నారో తెలియదు.

డెబోరా బీరువా తెరిచాను. బట్టలు అమ్మ సర్దుతానంది. బ్రూచ్‌లు నా వంతు. అరవై మూడు ఉన్నాయి. మాత్రల డబ్బాల్లో దూది పరిచి, ఒక్కోదానికి ఒక్కో అర పెట్టింది. ప్రతిదాని కింద తన చేతి రాతతో ఒక చిన్న అట్టముక్క.

ఒక్కటి కూడా బంగారం కాదు. వెండి కూడా కాదు. అన్నీ గిల్టు, గాజు, రేకు, ఎనామిల్. మా అమ్మ లీలమ్మ, మిషన్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్నప్పుడు భుజం మీద తెల్లచీర కుచ్చులకు పెట్టుకున్న బ్రూచ్‌తో మొదలైంది ఈ పిచ్చి. మా వాళ్లలో టీచర్లూ నర్సులూ మెడలో గొలుసు లేకపోయినా భుజానికి బ్రూచ్ లేకుండా గడప దాటేవారు కాదు. ఆ తరం వాళ్లు పోతుంటే వాళ్ల పిల్లలు అవి పారేస్తున్నారని డెబోరా ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చేది. ఎర్రగడ్డలో ఆదివారం సంతకు వెళ్లి తుప్పు పట్టిన సామాను మధ్య కూర్చుని వెతికేది. నేను నవ్వేదాన్ని. గిల్టు పిచ్చిదానా అని పిలిచేదాన్ని. నా భర్త థామస్ పోయి నేను ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ డబ్బాలు సరిగ్గా చూడలేదు.

చర్చిలో ఆడవాళ్లకు పంచేస్తాను. ఇంట్లో ఎందుకు ఇవి.

డిసెంబర్ 7

పంచే ముందు అట్టముక్కలు చదవాలి కదా అని కూర్చున్నాను.

మొదటి డబ్బా మూత లోపల రాసి ఉంది: "ముఖం తర్వాత. ముందుగాల వెనకకు తిప్పి సూడాలె."

అంటే ఏమిటో అర్థం కాలేదు. అలాగే తిప్పి చూశాను. ఒకదాని సూది ఉత్త వంకర తీగలో ఆగుతుంది. ఇంకొకదానికి చిన్న గొళ్లెం ఉంది, గోటితో తిప్పితే సూది మీదికి జారి బిగుసుకుంటుంది. వంకర తీగది పాతది, గొళ్లెం ఉన్నది తర్వాతి కాలం అని కింద రాసింది. కొన్నింటి వెనక ప్రతి రాయి దగ్గరా చిన్న కంత ఉంది, వెలుతురు రాయిలోకి పోయేలా. కొన్నింటికి కంతలు లేవు. వాటి రాళ్ల అడుగున అద్దానికి పూసినట్టు మెరుపు పూత ఉందట. ముందు నుంచి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఒక పూలబుట్ట ఉంది, బొటనవేలి గోరంత. బుట్ట అల్లికను అచ్చు పోయలేదు. నిజంగానే సన్నటి తీగలను ఒకదాని కింద నుంచి ఒకటి పోనిచ్చి అల్లారు. పూలు ఏడు. ఎడమ పక్క మూడు ఎర్రవి ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి, కుడి పక్క ఒకటే పసుపుది, మిగతావి మధ్యలో నలిగినట్టున్నాయి. నాకు ఇది చేసినవాడి పొరపాటనిపించింది. డెబోరా రాసింది చదివాను.

"ఒక దిక్కే బరువు. బల్ల మీద పెడితే వంకరగ కనబడ్తది. భుజం మీద పెట్టి సూడు. భుజం వాలుకు సరిగ్గ కూసుంటది. చేసినోడు బల్లను గాదు, మనిషిని మనసుల పెట్టుకొని చేసిండు."

అద్దం ముందుకు వెళ్లి నా భుజానికి పెట్టుకున్నాను. బుట్ట నిటారుగా నిలబడింది. ఎర్రపూలు భుజం వైపు ఒరిగి, పసుపుపువ్వు నా ముఖం వైపు చూస్తోంది.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అమ్మ వచ్చి, "ఏంది బిడ్డా, ఏడికన్న పోతున్నవా?" అని అడిగింది. లేదన్నాను.

డిసెంబర్ 9

కంపెనీ నుంచి రామలింగేశ్వరరావు గారు వచ్చారు. అక్కడ హెచ్ఆర్ మేనేజర్. అంత్యక్రియల రోజు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. మర్యాదగా మాట్లాడతారు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగారు.

"మా అంతర్గత విచారణ పూర్తయిందండీ. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. డ్రయ్యర్ కింద ఒక వస్తువు దొరికింది. నగలతో లోపలికి వెళ్లకూడదని మా నిబంధన. లోహం లోహానికి తగిలితే నిప్పురవ్వ రావచ్చు. ఆ గదిలో ఉన్నది సాల్వెంట్ ఆవిరి. ఒక్క రవ్వ చాలు."

బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. లోపల ఒక పిట్ట. తోక రెండుగా చీలిన పిట్ట, నీలం రెక్కలు.

"ఇది డెబోరా గారిదేనా మేడమ్?"

నేను తెలియదన్నాను.

"ఆ రోజు బస్సులో ఆమె దీన్ని పెట్టుకుని ఉండగా చూశానని జ్యోతి అనే అమ్మాయి రాసిచ్చింది. మేం ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఈ కాగితంలో ఉన్నది కుటుంబం ఒప్పుకుంటున్నట్టు ఒక్క సంతకం. అమ్మగారిది, సాక్షిగా మీది. మిగతా పనులు త్వరగా అయిపోతాయి."

అమ్మ నా ముఖం చూసింది. ఆలోచించుకుంటామని చెప్పాను. కాగితం వదిలి, పిట్టను తీసుకుని వెళ్లిపోయారు.

డిసెంబర్ 10

నేను అబద్ధం చెప్పలేదు. కవరులో ఉంటే సరిగ్గా కనబడలేదు, అంతే.

డిసెంబర్ 13

ఊరంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారో ఏమో.

కిరాణా షాపులో ముత్యమ్మ ఎదురైంది. నర్సన్న భార్య. నుదుట బొట్టు లేదు. నన్ను చూసి చేతిలోని సంచి కింద పెట్టింది. అందరి ముందూ అడిగింది.

"టీచరమ్మా, మీ చెల్లె సోకు జేసుకొని పోయిందంట గద డ్యూటీకి. పిన్ను వెట్టుకొని పోయిందంట. అద్దరూపాయి పిన్నుకు నా మనిషిని కాలవెట్టిందంట. నిజమేనా? చెప్పు, నిజమేనా?"

అక్కా అని ఏదో అనబోయాను.

"నన్ను అక్కా అనకు నువ్వు."

షాపు ఆయన ఆమెను పక్కకు తీసుకెళ్లాడు. నేను ఉప్పు కొనకుండానే వచ్చేశాను.

డిసెంబర్ 14

ఉప్పు లేదు. అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చింది. నన్ను ఏమీ అడగలేదు.

మూడో డబ్బా తీశాను. అందులో ఒక పువ్వు ఉంది. అయిదు రేకులు, మధ్యలో తెల్లరాయి. వెనక్కి తిప్పితే పువ్వుకూ కొమ్మకూ మధ్య వెంట్రుకంత సన్నటి స్ప్రింగు కనబడుతుంది. పువ్వు కొమ్మకు గట్టిగా అతుక్కుని లేదు, స్ప్రింగు మీద నిలబడి ఉంది. పెట్టుకున్న మనిషి నడిస్తే కదులుతుంది. ఊపిరి పీల్చినా కదులుతుంది. రాయి ఒకచోట నిలబడితే ఒకే మెరుపు, కదిలితే వంద మెరుపులు, అందుకని అలా చేశారని డెబోరా రాసింది. రాయి ఖరీదైనది కాకపోతే కదలికతో దానికి విలువ తెచ్చారన్నమాట.

అరచేతిలో పెట్టుకున్నాను. కదులుతూనే ఉంది.

డిసెంబర్ 19

జ్యోతి వచ్చింది. డెబోరాతో కలిసి పనిచేసేది, పక్కన సుల్తాన్‌పూర్ అమ్మాయి. డెబోరా లాకర్లో వస్తువులు ఒక గుడ్డసంచిలో పెట్టి తెచ్చింది. సెక్యూరిటీ వాళ్లు నిన్న ఇచ్చారట. గుమ్మంలోనే ఏడ్చేసింది.

"అక్కా, డెబోరా మేడమ్ బస్సుల పిన్ను వెట్టుకున్నదని మాత్రమే చెప్పిన. లోపలికి వెట్టుకొని పోయిందని నేను చెప్పలే. నేను ఆ దినం వేరే బ్లాకుల ఉన్న. వాళ్లు ఏం రాసుకున్నరో నన్ను సదవనియ్యలే. సంతకం పెట్టమన్నరు, పెట్టిన."

"ఆమె పెట్టుకునే పోయి ఉంటది జ్యోతీ," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎందుకు వచ్చిందో.

జ్యోతి నా వైపు విచిత్రంగా చూసింది. "మేడమ్ అట్ల జెయ్యదక్కా. మా వాచీలు గూడ విప్పించేది."

సంచి బీరువాలో పెట్టేశాను. తెరవలేదు.

డిసెంబర్ 25

అమ్మ ఒక్కతే చర్చికి వెళ్లింది.

డిసెంబర్ 28

ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచుకుంటున్నాను. ఇక రాస్తాను.

ఆ రోజు డెబోరా పుట్టినరోజు. ముప్పై తొమ్మిది నిండాయి. ఆ ముందు ఆదివారం నేను ఒక్కదాన్నే ఎర్రగడ్డ సంతకు వెళ్లాను. ఆరేళ్లు ఎగతాళి చేశాను కదా, ఒక్కసారి తనకు నచ్చేది తేవాలనిపించింది. రెండు గంటలు వెతికితే ఆ పిట్ట దొరికింది. నాకు తెలిసిందల్లా అందంగా ఉందని.

పొద్దున టిఫిన్ డబ్బాతోపాటు ఇచ్చాను. డెబోరా ముందు వెనక్కి తిప్పింది. ఎప్పుడూ జేబులో ఉండే చిన్న భూతద్దం కంటికి పెట్టుకుంది. నాకు భయమేసింది, పరీక్ష పేపరు దిద్దించుకుంటున్నట్టు. తర్వాత నవ్వింది.

"రాళ్లు అంటించినయక్కా. పట్టుకొనేటందుకు కొనలు లేవు. మెటల్ గూడ మెత్తది, తగరం కలిపిన రకం. పిల్లల పొయ్యి మీద పెట్టినా కరుగుతది."

నా ముఖం వాడిపోయి ఉంటుంది. వెంటనే ముందుకు తిప్పి చూపించింది.

"గని రెక్క సూడు. ఒక్కొక్క ఈకకు ఒక్కొక్క గీత గీసిండు. గీతల నడుమ రంగు వోసిండు. మొదట్ల ముదురు నీలం, కొసకు వచ్చేటాలకు లేత. తోక మీద రాళ్లు పెద్దయి నుంచి చిన్నయి చేసుకుంట పోయిండు, అందుకే పిట్ట ఉరుకుతున్నట్టు కనబడ్తది. తల పక్కకు తిప్పిండు సూడు. ఎవలో పిలిస్తే తిరిగి చూసినట్టు. అగ్గువ ధర వస్తువుకు ఇంత మనసు పెట్టిండు గద. దీన్ని తెచ్చినవ్ నువ్వు! నీకు కన్ను ఉన్నదక్కా."

నేనే తీసుకుని తన చున్నీకి భుజం దగ్గర పెట్టాను. ఆకుపచ్చ నూలు చున్నీ.

"డ్యూటీల పిన్నులు పెట్టనియ్యరు, బస్సు దిగంగనే తీసేస్త," అంది.

"ఇయ్యాల ఒక్కదినం తియ్యకు. నా మీద ఒట్టు," అన్నాను.

ఆ మాటే అన్నాను.

డిసెంబర్ 31

రామలింగేశ్వరరావు గారి కాగితం రోజూ చూస్తున్నాను. సంతకం పెడితే అయిపోతుంది. అందులో రాసింది నిజమే కదా. తప్పు డెబోరాది కాదు, నాది. కానీ కాగితంలో నా పేరు రాయడానికి చోటు లేదు.

జనవరి 2

ఇవాళ పొద్దున పప్పు పోపు వేస్తుంటే ఒక మాట తట్టింది. పిల్లల పొయ్యి మీద పెట్టినా కరుగుతుందని తనే అంది.

మరి డ్రయ్యర్ గదిలో ఎందుకు కరగలేదు?

గరిటె పక్కన పెట్టేశాను. డెబోరా విరిగిపోయిన బ్రూచ్‌లను ఒక సిగరెట్ డబ్బాలో ఉంచేది, రాళ్లు తీసి వేరేవాటికి వాడుకోవడానికి. అందులో వెతికితే అదే రకం మెత్తటి లోహంతో చేసిన ఒక ఆకు దొరికింది. అంటించిన రాళ్లు నాలుగు ఉన్నాయి. పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద పెట్టాను.

అరనిమిషం కూడా కాలేదు. ముందు రాళ్ల అడుగున మెరుపు నల్లబడింది. ఒక రాయి రాలింది, తర్వాత రెండోది. ఆకు కొస వంగింది, మైనంలా ఒక బొట్టు కిందికి జారింది. వాసనకు అమ్మ పరిగెత్తుకొచ్చి కిటికీ తెరిచింది.

"పిచ్చి లేసిందా సిల్వియా? దాని వస్తువులు కాలవెడ్తున్నవా?"

స్టవ్ ఆపి నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. పుట్టినరోజు, పిట్ట, ఒట్టు. తొమ్మిదో తారీకున పిట్టను చూసి తెలియదన్న సంగతి. అమ్మ నిలబడే విన్నది. నలభై ఏళ్లు వార్డుల్లో గడిపిన మనిషి, ఎదుటివాళ్లు ఏడుస్తుంటే మధ్యలో ఆపదు.

చివరికి అంది: "నువ్వు ఒట్టు పెడితే అది వినే పిల్లనానే? నా మాటే ఎన్నడు ఇనలే అది. డ్యూటీ అంటే డ్యూటీనే దానికి. లే. ఆ సంచి తియ్యి."

గుడ్డసంచి తెరిచాం. టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె, భూతద్దం, ఫోను, దువ్వెన. అడుగున చున్నీ, ఉండచుట్టి ఉంది. డెబోరా ఏ బట్టనూ అలా పెట్టదు. విప్పాను. ఎక్కడా కాలలేదు, మసి లేదు, పొగవాసన కూడా లేదు. భుజం దగ్గర, నేను పిట్టను పెట్టిన చోట, చిటికెనవేలు పట్టేంత చిరుగు. ఎవరో సూది విప్పకుండా పట్టుకుని గుంజినట్టు.

అమ్మ ఆ చిరుగు మీద వేలు పెట్టింది.

"లాకర్ల పెట్టే పోయింది నా బిడ్డ," అంది.

జనవరి 4

స్కూలుకు వెళ్లాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమనడం మరిచిపోయాను.

జనవరి 9

రామలింగేశ్వరరావు గారు ఫోన్ చేశారు. సంతకం పెట్టనని చెప్పాను. పిట్ట డెబోరాదేనని, నేనే ఇచ్చానని కూడా చెప్పాను.

"మరి ఇంకేం మేడమ్? ఒప్పుకుంటున్నట్టేగా?" అన్నారు.

"పిట్టను ఒప్పుకుంటున్నాను. కాగితాన్ని కాదు."

పిట్ట ఇప్పుడు తమ దగ్గర లేదని, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు అప్పగించామని చెప్పారు. "అనవసరంగా పరేషాన్ అవుతారు," అన్నారు. ఆంధ్ర యాసలో మాట్లాడే ఆయన నోట ఆ మాట కొత్తగా ఉంది. ఇక్కడికొచ్చి చాలా కాలమై ఉంటుంది.

జనవరి 21

సంగారెడ్డి వెళ్లాం, అమ్మా నేనూ. ఇన్‌స్పెక్టర్ పేరు నాగేశ్వరి. నా వయసే ఉంటుంది. బల్ల నిండా ఫైళ్లు. మా మాట వినే ఓపిక ఉంటుందనుకోలేదు.

పిట్టను చూడాలన్నాను. ఎందుకని అడిగింది. "నేనే కొన్నాను, నేనే పెట్టాను. వెనక చూడాలి," అన్నాను. వెనక అన్న మాటకు ఆమె తలెత్తింది.

బీరువాలోంచి ఒక పెట్టె తెప్పించింది. అందులో ఆ గదిలో దొరికినవి ఉన్నాయి. డెబోరా శాంపిల్ తీసే స్టీలు గరిటె, నల్లగా మాడి, కాడ వంకరపోయి. ఒక తాళంచెవి. వాటి పక్కనే ప్లాస్టిక్ కవరులో పిట్ట. నీలం నీలంగానే ఉంది. అమ్మ గరిటె వైపు చూడకుండా గోడ వైపు తిరిగింది.

డెబోరా భూతద్దం తీశాను. అది పట్టుకోవడం ఇప్పుడిప్పుడే వస్తోంది, కంటికి ఆనించి వస్తువును దగ్గరికి తెచ్చుకోవాలి. తోక మీద పదకొండు రాళ్లు. పదకొండూ ఉన్నాయి. అడుగు మెరుపు ఎక్కడా నల్లబడలేదు. రెక్కల రంగు పగలలేదు. తర్వాత వెనక్కి తిప్పాను. సూది గొళ్లెం బిగించే ఉంది. సూది మొదట్లో, కీలు దగ్గర, ఒక దారప్పోగు ఇరుక్కుని ఉంది. ఆకుపచ్చది. నూలు పోగు. కాలలేదు.

"మీరు చూడండి మేడమ్," అని భూతద్దం ఆమెకిచ్చాను.

ఆమె చూసింది. కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూసింది. నేను చున్నీ విప్పి బల్ల మీద పరిచాను, చిరుగు పైకి వచ్చేలా. స్టవ్ మీద కాలిన ఆకును ఒక కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను, అదీ పెట్టాను. ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

"శుభ్రం చేసి ఇచ్చాం అన్నరు నాకు," అంది నాగేశ్వరి మెల్లగా. "మసి కడిగితే పోతది. రాలిన రాయి తిరిగి అతుక్కోదు." తర్వాత నన్ను అడిగింది, "మీరు ఈ పని చేస్తరా? నగల పని?"

"కాదండీ. మా చెల్లెలు చూసేది."

నేను చెప్పినదంతా రాయించుకుంది. ఒట్టు సంగతి కూడా చెప్పాను. అది అక్కర్లేదంది. రాయమన్నాను. రాసింది.

ఫిబ్రవరి 3

కబురు లేదు.

ఫిబ్రవరి 11

కబురు లేదు. ముత్యమ్మ వీధిలో నేను కనబడితే ఇవతలి పక్క నుంచి అవతలి పక్కకు మారుతోంది.

పంచేస్తానన్న బ్రూచ్‌లు ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఇంకా కొన్నింటి అట్టముక్కలు ఖాళీగా ఉన్నాయి. నేను రాయడానికి ప్రయత్నించాను. రెండు వాక్యాలు దాటడం లేదు. తను చూసినట్టు చూడడం ఒక్కరోజులో వచ్చేది కాదు.

ఫిబ్రవరి 24

విచారణ నివేదిక వచ్చింది. నాగేశ్వరి మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. డ్రయ్యరుకు ఉండాల్సిన ఎర్తింగు తీగ ప్రమాదానికి నాలుగు నెలల ముందే తెగిందట. పొడి ఒరుసుకున్నప్పుడు పుట్టే కరెంటు భూమిలోకి పోయే దారి లేక అక్కడే రవ్వ అయింది. తీగ తెగిందని రాసిచ్చిన కాగితాల మీద రెండుసార్లు డెబోరా సంతకం, ఒకసారి నర్సన్న సంతకం ఉన్నాయట. లాకర్ తెరిచింది ఎవరో తేల్చడానికి కేసు పోలీసులకు వెళ్లింది. రామలింగేశ్వరరావు గారు రాజీనామా చేశారట. ఆయన ఒక్కడి ఆలోచన అయి ఉండదు. ఆ మర్యాద వెనక ఎవరున్నారో ఇంకా తెలియదు.

అమ్మకు చెప్పాను. చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం బాలరాజ్ వచ్చాడు. నర్సన్న షిఫ్టులోనే ఆపరేటర్. ఇన్నాళ్లూ మాట్లాడితే ఉద్యోగం పోతుందని రాలేదని, సిగ్గుగా ఉందని చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఒక మాట మీకు ఎరికుండాలె. మంట లేవంగనే నర్సన్న బయటికొచ్చిండు. నా పక్కనే నిలవడ్డడు. ఉరుకుండ్రి అని అందరిని దూరం నూకిండు. అప్పుడు లోపల మేడమ్ ఉన్నదని ఎవడో మొత్తుకున్నడు. నేను ఆయన చొక్కా వట్టుకున్న. ఇడిపిచ్చుకొని పోయిండు."

"ఎవరికన్న చెప్పినవా ఇది?"

"మీకే చెప్తున్న. ముత్యమ్మకు చెప్పేటంత ధైర్యం నాకు లేదు."

ఫిబ్రవరి 25

ఎవరో ఒకరు ఆమెకు చెప్పే ఉంటారు.

ఫిబ్రవరి 26

నివేదిక సంగతి ఊళ్లో తెలిసింది. కిరాణా షాపు ఆయన నన్ను చూసి కుర్చీ వేశాడు. ముత్యమ్మకు కూడా తెలిసిందట, ఏమీ అనలేదట. చాలు కదా. చెల్లి మీద మచ్చ పోయింది. అంతకు మించి నేను చేయాల్సిందేముంది. ఇప్పుడు మళ్లీ వెళ్లి, నీ భర్త బతికి బయటపడ్డాడు, మా చెల్లి కోసం తిరిగి లోపలికి వెళ్లాడు అని చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? ఇన్నాళ్లూ ఒక పిన్నును తిట్టుకుంది. ఇప్పుడు ఎవరిని తిట్టుకోవాలి?

ఫిబ్రవరి 28

ఆమె కోసం కాదు, నా కోసమే ఆగుతున్నాను. మళ్లీ అదే పని చేస్తున్నాను. తెలియదన్నట్టు.

మార్చి 2

చర్చి నుంచి నేరుగా ముత్యమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎండ సగం చాప మీదికి వచ్చింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

నిలబడే చెప్పాను. బాలరాజ్ చెప్పింది చెప్పినట్టే.

ఆమె చేతులు ఆగిపోయాయి. "బయటికొచ్చిండా ఆయన? ఒకసారి బయటికొచ్చిండా?"

"వచ్చిండంట అక్కా. అందరినీ దూరం పంపిండంట. లోపల డెబోరా ఉందని తెలిసి మళ్లా పోయిండంట."

అక్కా అన్నందుకు ఏమీ అనలేదు. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా నిలబడాలనుకున్నాను. వీధిలో ఎవరో బండి మీద వెళుతూ మమ్మల్నిద్దరినీ చూసి మెల్లగా పోనిచ్చారు.

"గట్లనే జేస్తడు," అంది చివరికి. "మా బర్రె బాయిల వడ్డనాడు గూడ గట్లనే దుంకిండు. ఈత రాదు ఆయనకు. నలుగురు గలిసి ఇద్దరిని పైకి గుంజిండ్రు." నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. ఒళ్లో ఉన్న చింతపండు పళ్లెం పక్కకు పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. నేను ఎక్కడ చూడాలో తెలియక గింజల కుప్ప వైపు చూశాను.

కాసేపటికి చాప మీద కొంచెం జరిగింది.

"ఎండల నిలవడకు. కూసో."

కూర్చున్నాను. ఇద్దరం కాసేపు గింజలు తీశాం. నా వేళ్లకు అలవాటు లేని పని, ఆమె నాలుగు తీసేసరికి నేను ఒకటి తీస్తున్నాను.

"టీచరమ్మా," అంది. "మీ చెల్లెను నేను సక్కగ ఎన్నడు సూడలే. పొద్దున బస్సు కాడ సూసుడే, ఉరుక్కుంట వస్తుండె, ఉరుక్కుంట పోతుండె. ఎసుంటి మనిషి?"

చేతిలో ఉన్న గింజ కుప్పలో వేశాను.

"చెప్పు," అంది ముత్యమ్మ. "ఎవలి కోసం పోయిండో నాకు ఎరికుండాలె గద."

చెప్పడం మొదలుపెట్టాను.